కాడి లేని జోడు కార్డులు

ఒకటికి రెండు ఉంటే పని రెట్టింపు జరుగుతుందనుకుంటాం. కంప్యూటర్ ఆటల దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తప్పింది. ఒకే పెట్టెలో రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టి మురిసిపోయిన కాలం ఒకటుంది. అదెందుకు వచ్చింది? ఎందుకు పోయింది? ఇప్పుడు కొనేవాళ్లు ఏం చూసుకోవాలి?

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి ఇంకా టైముంది. ఈలోగా ఇంట్లో ఓ కొత్త పంచాయితీ!

బావ ఇచ్చిన పాత కంప్యూటర్లో 2016 నాటి జీటీఎక్స్ 1080 కార్డు ఉంది. కొత్త ఆటలు దాని మీద ఆడుతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. ‘‘నాన్నా, సరిగ్గా ఇలాంటిదే ఇంకోటి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. మదర్‌బోర్డు మీద రెండో స్లాటు ఖాళీగానే ఉంది. రెండూ కలిపితే కొత్త కార్డుతో సమానం’’ అంటాడు కొడుకు. తండ్రికి ఆ మాట నచ్చుతుంది. ‘‘ఒంటెద్దు కంటే జోడెడ్లు నయం కదా’’ అని తలూపుతాడు. పక్కనే కూరగాయలు తరుగుతున్న తల్లికి మాత్రం ఓ అనుమానం. ‘‘రెండు పాతవి కలిస్తే ఒక కొత్తదవుతుందా?’’

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో ఒకప్పుడు ఈ ప్రశ్నకు సూటిగా జవాబు ఉండేది కాదు. అవునన్నవాళ్లూ ఉన్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మాత్రం జవాబు తేలిపోయింది. అదేంటో తెలియాలంటే ముందు అసలు ఈ కార్డు చేసే పనేంటో చూడాలి.

సెకనుకి 12 కోట్ల చుక్కలు

కంప్యూటర్ తెర అంటే సన్నటి చుక్కల వల. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. ఆటలో కారు మలుపు తిరిగినా, బంతి గాల్లోకి లేచినా ప్రతి చుక్క రంగునూ మళ్లీ లెక్కగట్టాలి. బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకు కనీసం 60 సార్లు ఈ పని జరగాలి. అంటే సెకనుకి 12 కోట్ల 44 లక్షల చుక్కలు! ఒక్కో బొమ్మకు దొరికే టైము సెకనులో అరవయ్యో వంతు. దాదాపు 16.7 మిల్లీసెకన్లు.

4కే తెర కొంటే చుక్కల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. పైగా నీడలు, నీళ్లలో ప్రతిబింబాలు, పొగ, మంచు... వీటన్నిటినీ లెక్కించేది గ్రాఫిక్స్ కార్డే. అది అందుకోలేకపోతే ఆట నత్తనడకే. అందుకే ఆటల పిచ్చి ఉన్నవాళ్లకు ఎప్పుడూ ఒకటే ఆశ... ఇంకాస్త బలమైన కార్డు దొరికితే బావుండునని. మార్కెట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే బలమైనదే సరిపోకపోతే? అక్కడే పుట్టింది రెండు కార్డుల ఆలోచన.

సరి గీతలు నీకు, బేసి గీతలు నాకు

1998. అమెరికాలోని శాన్‌హోజేకు చెందిన త్రీడీఎఫ్‌ఎక్స్ అనే కంపెనీ ‘వూడూ2’ కార్డును విడుదల చేసింది. అప్పటి ఆటల ప్రపంచంలో అదే రారాజు. ఒక కార్డు పెడితే ఆటను 800 బై 600 చుక్కల దాకా చూపించేది. రెండు వూడూ2 కార్డులు కొని, మధ్యలో చిన్న పట్టీ లాంటి కేబుల్ కలిపితే 1024 బై 768 దాకా వెళ్లేది.

చేసే పద్ధతి భలే సులువు. తెర మీద బొమ్మ పైనుంచి కిందికి గీతలు గీతలుగా వస్తుంది కదా! సరి సంఖ్య గీతలు ఒక కార్డు, బేసి సంఖ్య గీతలు రెండోది గీసేవి. రూళ్ల పుస్తకంలో ఇద్దరు కూర్చుని వరస తప్పించి వరస రాసినట్టన్నమాట. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు స్కాన్‌లైన్ ఇంటర్‌లీవ్... పొట్టిగా ఎస్‌ఎల్‌ఐ.

అయితే వూడూ2 ఆటల బొమ్మలే గీసేది. మామూలు బొమ్మ కోసం మరో కార్డు తప్పనిసరి. అంటే జోడు కట్టాలంటే పెట్టెలో మూడు కార్డులు! 12 మెగాబైట్ల వూడూ2 ఒక్కోటి దాదాపు 300 డాలర్లు. అయినా ఎగబడి కొన్నారు. కానీ త్రీడీఎఫ్‌ఎక్స్ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 2000 డిసెంబరులో దాని ఆస్తులను కొంటున్నట్టు ప్రత్యర్థి ఎన్విడియా ప్రకటించింది. మరో రెండేళ్లకు త్రీడీఎఫ్‌ఎక్స్ దివాలా తీసింది.

మళ్లీ కాడి కట్టారు

ఎన్విడియా 2004లో జీఫోర్స్ 6 కార్డులతో అవే మూడక్షరాలను మళ్లీ బయటికి తీసింది. ఈసారి ఎస్‌ఎల్‌ఐ అంటే స్కేలబుల్ లింక్ ఇంటర్‌ఫేస్. రెండు కార్డులనూ పైన ఒక చిన్న వంతెన ముక్కతో కలిపేవారు. జోడెడ్ల మెడ మీద కాడి లాంటిదది. ఆ మరుసటి ఏడాది, 2005లో, పోటీ కంపెనీ ఏటీఐ ‘క్రాస్‌ఫైర్’ పేరుతో తన జోడీని దింపింది. 2006లో ఏటీఐని ఏఎండీ కొనేసింది.

ఇక చూడాలి సంబరం! రెండు కార్డులు, మూడు, నాలుగు కూడా. అద్దం తలుపున్న పెట్టెలు, లోపల రంగురంగుల లైట్లు. 2007లో వచ్చిన ‘క్రైసిస్’ లాంటి ఆట అప్పటి కంప్యూటర్లకు ముచ్చెమటలు పట్టించింది. దాన్ని సాఫీగా ఆడాలన్న పట్టుదలతోనే జోడు కార్డులు కొన్నవాళ్లున్నారు.

ఈసారి పని పంచుకునే పద్ధతి మారింది. గీతలు పంచుకోవడం కాదు, బొమ్మలే పంచుకోవడం. మొదటి బొమ్మ ఒక కార్డు, రెండో బొమ్మ ఇంకో కార్డు, మూడోది మళ్లీ మొదటి కార్డు... ఇలా వంతులవారీగా. బాగా కుదిరిన ఆటల్లో వేగం దాదాపు రెట్టింపు దాకా వెళ్లేది. కుదరని ఆటల్లో రెండో కార్డు ఊరికే కూర్చునేది. కొన్నిట్లోనైతే ఒక్క కార్డుతో వచ్చే వేగం కూడా వచ్చేది కాదు. ఏ ఆటలో కుదురుతుందన్నది కొన్నవాళ్ల చేతుల్లో లేదు. ఆ ఆట కోసం కార్డు కంపెనీ ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు చేస్తేనే కాడి కట్టినట్టు. లేదంటే రెండెడ్లూ చెరో దిక్కే.

రెండు బస్సుల కథ

సరే, వేగం పెరిగిన ఆటల్లోనైనా కొన్నవాళ్లు సంతోషించారా? కొందరు మాత్రం కళ్లు నులుముకున్నారు. సెకనుకు 60 బొమ్మలు వస్తున్నాయని తెర మూలన అంకె చెబుతోంది. కంటికి మాత్రం బొమ్మ తడబడుతోంది!

దీన్ని అర్థం చేసుకోవడానికి మన బస్టాపు చాలు. గంటకు నాలుగు బస్సులని బోర్డు మీద రాసి ఉంటుంది. పావుగంటకొకటి వస్తే హాయి. అదే రెండు బస్సులు ఒకదాని వెనకే ఒకటి వచ్చి, మళ్లీ అరగంట దాకా పత్తా లేకపోతే? లెక్కకు గంటకు నాలుగే. నిలబడ్డవాడికి మాత్రం అరగంటకొకటే.

జోడు కార్డుల్లో జరిగిందిదే. ఒక బొమ్మ 5 మిల్లీసెకన్లకు వచ్చి, తర్వాతది 28 మిల్లీసెకన్లకు వస్తే సగటు బాగానే కనిపిస్తుంది. కంటికి మాత్రం ఆ 28 మిల్లీసెకన్ల ఎడమే తెలుస్తుంది. దీనికి మైక్రో స్టట్టర్ అని పేరు. సగటు అంకెలు మాత్రమే చూసినన్నాళ్లూ ఈ లోపం పెద్దగా బయటపడలేదు. తర్వాత్తర్వాత సమీక్షకులు ఒక్కో బొమ్మ రావడానికి ఎంత టైము పట్టిందో విడివిడిగా కొలవడం మొదలుపెట్టారు. దాంతో గుట్టు రట్టయింది. 2013లో ఏఎండీ ఈ తడబాటును సరిచేసేందుకే ప్రత్యేకంగా డ్రైవర్ విడుదల చేయాల్సి వచ్చింది.

8 ప్లస్ 8... 8!

ఇంకో చిక్కు మెమరీది. ఒక కార్డులో 8 జీబీ, రెండో దాంట్లో 8 జీబీ ఉంటే మొత్తం 16 అనుకుంటాం. ఆటల్లో అలా కుదరదు. రెండు కార్డులూ అదే ఆట బొమ్మలు గీయాలి కాబట్టి ఆటలోని గోడలు, చెట్లు, మనుషుల వివరాలన్నీ రెండింట్లోనూ ఉండాల్సిందే. ఒకే క్లాసు చదివే ఇద్దరు పిల్లల సంచుల్లో అవే పుస్తకాలున్నట్టు. సంచులు రెండు, చదివే పాఠాలు ఒకటే. కాబట్టి ఆటకు పనికొచ్చేది 8 జీబీయే. ఈ రోజుల్లో చాలా ఆటలు ఇబ్బంది పెట్టేది మెమరీ చాలకే. అలాంటప్పుడు రెండో కార్డు వల్ల ఒరిగేదేమీ లేదు.

వేడి సంగతి సరేసరి. పక్కపక్కనే బిగించిన కార్డుల్లో ఒకటి వదిలిన వేడిగాలినే రెండోది పీల్చుకుంటుంది. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఆ పెట్టె పక్కన కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

కరెంటు లెక్క కూడా వేసుకోవచ్చు. జీటీఎక్స్ 1080 పూర్తి పని మీద ఉంటే 180 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 4 గంటలు ఆడితే రెండో కార్డు ఒక్కదానికే నెలకు 21 యూనిట్లు దాటుతుంది. అదనంగా పెద్ద పవర్ సప్లై కొనాల్సి వస్తే ఆ ఖర్చు వేరే. చవగ్గా వచ్చిన కార్డు వెనక ఇన్ని ఖర్చులు క్యూ కడతాయన్నమాట.

కాడి విరిగిందిలా...

2016లో జీటీఎక్స్ 1080ని విడుదల చేస్తూ ఎన్విడియా గొప్పగా చెప్పుకున్న మాట ఒకటుంది. ఈ ఒక్క కార్డు, అంతకుముందు 2014లో వచ్చిన జీటీఎక్స్ 980లు రెండింటి జోడీ కంటే వేగవంతమైనదని! 980 విడుదల ధర 549 డాలర్లు. రెండు కొంటే దాదాపు 1100. 1080 మొదటి ధర 599. అంటే రెండేళ్లు ఓపిక పట్టినవాడికి సగం ధరకే ఎక్కువ వేగం దక్కింది. జోడు కార్డుల మీద ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకేముంటుంది? అదే ఏడాది మూడు, నాలుగు కార్డులు కలిపే పద్ధతినీ ఎన్విడియా పక్కన పెట్టింది. ఆటలకు ఇక రెండే అంది.

మరోవైపు ఆటలు తయారుచేసే పద్ధతే మారిపోయింది. కొత్త ఆటలు ఒక్కో బొమ్మను తీర్చిదిద్దడానికి అంతకుముందు బొమ్మలోని వివరాలను వాడుకోవడం మొదలుపెట్టాయి. అంచులు నునుపుగా కనిపించడానికి ఇదో మంచి ఉపాయం. కానీ ముందు బొమ్మ ఒక కార్డులో, ఈ బొమ్మ ఇంకో కార్డులో ఉంటే? రెండోది మొదటిదాని కోసం ఎదురుచూడాలి, ఆ వివరాలన్నీ వంతెన దాటి రావాలి. వంతులవారీ పద్ధతికి అక్కడే కాళ్లు తెగాయి.

2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12తో మరో మార్పు. రెండు కార్డులను కలిపే బాధ్యత కార్డు కంపెనీల నుంచి ఆట తయారుచేసేవాళ్ల చేతికొచ్చింది. ‘యాషెస్ ఆఫ్ ద సింగులారిటీ’ అనే ఆట ఏకంగా ఎన్విడియా, ఏఎండీ కార్డులు రెండింటినీ కలిపి పనిచేయించి ఔరా అనిపించింది. కానీ జోడు కార్డులున్నవాళ్లు ఎంతమంది? గుప్పెడు మంది. వాళ్ల కోసం నెలల తరబడి కష్టపడేందుకు చాలా సంస్థలు ముందుకు రాలేదు.

ఇక మిగిలింది ముగింపే. 2020లో ఎన్విడియా తెచ్చిన ఆర్‌టీఎక్స్ 30 వరుసలో 1,499 డాలర్ల 3090కి మాత్రమే వంతెన తగిలించే చోటు ఉంచింది. పాత కార్డుల కోసం కొత్త ఆటలకు ఎస్‌ఎల్‌ఐ ఏర్పాట్లు 2021 జనవరి 1 నుంచి చేయబోమని తేల్చేసింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090లో ఆ చోటు కూడా లేదు. ఏఎండీ 2017లోనే క్రాస్‌ఫైర్ పేరును పక్కన పెడుతూ వచ్చింది. అలా జోడెడ్ల మీద నుంచి కాడి తీసేశారు.

మరి రెండు కార్డులు దండగేనా?

కాదు. ఏ పనికి అన్నదే ప్రశ్న.

సినిమా గ్రాఫిక్స్ సంగతి చూడండి. నిమిషం దృశ్యానికి 1,440 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము తయారవడానికి గంట పట్టినా నష్టం లేదు. ప్రేక్షకుడు హాల్లోకి వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉంటే చాలు. ఇక్కడ ఒక కార్డుకు కొన్ని ఫ్రేములు, రెండోదానికి కొన్ని అప్పగించేయొచ్చు. ఒకదాని కోసం ఒకటి ఎదురుచూడక్కర్లేదు, వంతెనా అక్కర్లేదు. బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌తో యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు రెండో కార్డు నిజంగానే చాలా టైము మిగులుస్తుంది.

కృత్రిమ మేధ కూడా అంతే. పెద్ద ఏఐ మోడల్‌ను ఇంట్లోనే నడపాలనుకునేవాళ్లు దాన్ని ముక్కలు చేసి రెండు కార్డుల మెమరీల్లో సర్దుతున్నారు. 24 జీబీ ఉన్న 3090లను జంటగా కొనేది అందుకే. ఇక్కడ 24 ప్లస్ 24 నిజంగానే 48కి అక్కరకొస్తుంది.

ఆటల్లోనూ ఓ చిన్న మినహాయింపు ఉంది. అసలు బొమ్మలు ఒక కార్డు గీస్తే, వాటి మధ్య పూడికగా అదనపు బొమ్మలు సృష్టించే పనిని పాత కార్డుకు అప్పగించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కానీ అవి అతుకులే. అసలు కార్డు బలహీనంగా ఉంటే అతుకుల అందం ఎంతని?

తేడా ఎక్కడుందో గమనించారా? విడివిడిగా చేసుకోగలిగే పనైతే ఇద్దరు నయం. క్షణంలో అరవయ్యో వంతులో, ఒకరి పని చూసి ఇంకొకరు చేయాల్సి వస్తే ఒక్కడే మేలు.

అమ్మ లెక్కే కరెక్టు

మళ్లీ ఆ ఇంటి పంచాయితీకి వద్దాం. పాత 1080కి జోడీగా ఇంకో 1080 కొంటే ఏమవుతుంది? 2020కి ముందొచ్చిన, జోడీని ఒప్పుకునే ఆటల్లో వేగం పెరగొచ్చు. కొత్త ఆటల్లో చాలావాటికి రెండో కార్డు ఉన్నట్టే తెలియదు. పైగా ఈ కార్డుల్లో రే ట్రేసింగ్ కోసం ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. అది లేకపోతే 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’, 2025లో వచ్చిన ‘డూమ్: ద డార్క్ ఏజెస్’ లాంటి ఆటలు సరిగ్గా నడవవు. ఒకటున్నా అంతే, నాలుగున్నా అంతే. ఈ తరం కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబరుతో ఆపేస్తామని, ఆ తర్వాత 2028 అక్టోబరు దాకా భద్రతకు సంబంధించినవే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది కూడా.

అదే 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 లాంటి మధ్యరకం కార్డు ఒక్కటి తీసుకుంటే? 1080 కంటే వేగం ఎక్కువ. రే ట్రేసింగ్ ఉంది. తీసుకునే కరెంటు 115 వాట్లే. రెండు 1080లకు కావాల్సిన 360 వాట్లలో మూడో వంతు కూడా లేదు! ఉన్న పవర్ సప్లైతోనే సరిపెట్టుకునే అవకాశం ఉంటుంది. పాత కార్డు అమ్మితే వచ్చే డబ్బు దీనికి కలుపుకోవచ్చు.

రెండు పాతవి కలిస్తే ఒక కొత్తదవుతుందా అని ఆ తల్లి అడిగింది. కంప్యూటర్ గురించి ఏమీ తెలియకుండానే అసలైన ప్రశ్న అడిగింది ఆవిడే. ఆ తండ్రి మాటా తప్పు కాదు. ఒంటెద్దు కంటే జోడెడ్లు నయమే... కాడి దొరికినన్నాళ్లు!

కొనే ముందు ఇవి చూసుకోండి

* ముందు తెర చూడండి. ఫుల్ హెచ్‌డీ తెర ఉంటే మధ్యరకం కార్డు ఒకటి చాలు. 4కే తెర లేకుండా ఖరీదైన కార్డు కొనడం ఒకరకంగా దుబారానే.

* ఆడే ఆటలు రాసుకోండి. వాటికి ఎంత మెమరీ కావాలో, రే ట్రేసింగ్ తప్పనిసరో కాదో ఆట వివరాల్లోనే ఉంటుంది.

* డబ్బు రెండు కార్డులకు సరిపోయేంత ఉంటే, ఆ మొత్తంతో ఒక మెట్టు పైనున్న కార్డు ఒకటి తీసుకోండి.

* పవర్ సప్లై ఎన్ని వాట్లదో, కార్డుకు కావాల్సిన కనెక్టర్లు ఉన్నాయో లేదో దుకాణంలోనే అడగండి. పెట్టెలో కార్డు పట్టే పొడవుందో లేదో టేపుతో కొలుచుకోండి.

* సెకండ్‌హ్యాండ్ అయితే జాగ్రత్త. 2022 సెప్టెంబరులో ఎథీరియం క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో, రాత్రింబవళ్లు పనిచేసిన మైనింగ్ కార్డులు ఎన్నో మార్కెట్లోకొచ్చాయి. కార్డును కంప్యూటర్లో పెట్టించి, అరగంటైనా ఆట ఆడించి, ఫ్యాన్ల చప్పుడు, వేడి చూశాకే డబ్బివ్వండి. వారంటీ మిగిలి ఉంటే బిల్లు అడిగి తీసుకోండి.

* యానిమేషన్, ఏఐ లాంటి పనుల కోసం రెండు కార్డులు కావాలనుకుంటే ముందు మదర్‌బోర్డు రెండింటికీ సరిపడా దారి ఇస్తుందో లేదో తెలుసుకోండి. రెండో స్లాటు కనిపించినంత మాత్రాన అది పూర్తి వేగంతో పనిచేస్తుందని కాదు.